కల్పిత పాత్ర లోకాన్ని నిజంగా కదిలించిందా? తేల్చుకునే పద్ధతి

"నిజ జీవితాన్ని మార్చిన కల్పిత పాత్రలు" అనే అంశం మీద కాలేజీ సెమినార్‌లో ఇరవై నిమిషాలు మాట్లాడాలన్నారు. డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్, కార్టూన్ నావికుడు పొపాయ్, టీవీ పాత్రలు డానా స్కలీ, ఉహురా, షేక్‌స్పియర్ జూలియెట్, మన కన్యాశుల్కం గిరీశం అని ఆరు పేర్లు రాసుకున్నారు. ఇందులో ఏది గట్టిది, ఏది గాలి కబురు అన్నది మీ ప్రశ్న.

ఆరుగురూ వద్దండి. మనిషికి మూడు నిమిషాల పైచిలుకే వస్తుంది, చివరికి నెట్‌లో ఉన్న జాబితానే పైకి చదివినట్టుంటుంది. హోమ్స్‌ని, గిరీశాన్ని తీసుకోండి. మిగతావాళ్ళకు తలా ఒకటి రెండు వాక్యాలు చాలు. పొపాయ్ మాత్రం ఇలాంటి విషయాల్లో మనం ఎలా మోసపోతామో చూపించడానికి బ్రహ్మాండంగా పనికొస్తాడు.

ఈ అంశం మీద రాసేవాళ్ళు ఎక్కువగా పప్పులో కాలేసేది ఒకే చోట. పాత్ర చేసిన పనీ, పుస్తకం చేసిన పనీ, రచయితో నటుడో స్వయంగా చేసిన పనీ మూడూ కలిపి పాత్ర ఖాతాలోనే రాసేస్తారు. తేడా తెలియాలంటే అప్టన్ సింక్లెయిర్ నవల 'ది జంగిల్' చూడండి. చికాగో కబేళాల్లో నలిగిపోయే యుర్గిస్ అనే లిథువేనియా వలస కూలీ కథ అది. పుస్తకంగా వచ్చింది 1906 ఫిబ్రవరిలో. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఇద్దరు అధికారుల్ని కబేళాలు చూసి రమ్మని పంపాడు, వాళ్ళ నివేదిక బయటికొచ్చింది, జూన్ 30న మాంసం తనిఖీ చట్టం మీద సంతకం పడింది. ఒక నవలకూ ఒక చట్టానికీ మధ్య ఇంత దగ్గరి లంకె దొరకడం చాలా అరుదు. కానీ ఆ చట్టం వల్ల యుర్గిస్ లాంటి కూలీకి ఒరిగిందేమీ లేదు, బాగుపడింది మాంసం. జనం గుండెకు గురిపెడితే పొరపాటున పొట్టకు తగిలిందని సింక్లెయిరే వాపోయాడు. ఈ రోజు యుర్గిస్ పేరు ఎంతమందికి తెలుసు? కాబట్టి అది పుస్తకం ఘనత, పాత్రది కాదు. ఇదే కొలత పట్టుకుని మీ జాబితా దగ్గరికి వద్దాం.

హోమ్స్ సంగతి వేరు. పుస్తకం తెరవని వాడికీ హోమ్స్ తెలుసు. ఆర్థర్ కానన్ డాయిల్ మొదటి హోమ్స్ నవల 1887లో ఒక క్రిస్మస్ సంచికలో వచ్చింది. దాని హక్కులన్నీ కలిపి ఆయన 25 పౌన్లకు అమ్మేసుకున్నాడు. పేరు వచ్చింది 1891 జులైలో స్ట్రాండ్ మాసపత్రికలో చిన్న కథలు మొదలయ్యాకే. 1893 డిసెంబరు సంచికలో స్విట్జర్లాండ్ రైకెన్‌బాక్ జలపాతం దగ్గర హోమ్స్‌ని చంపేశాడు. పాఠకుల గోల తట్టుకోలేకా, డబ్బు కోసమూ మళ్ళీ రాయక తప్పలేదు, 1903లో బతికించి తీసుకొచ్చాడు. మొత్తం 4 నవలలు, 56 కథలు.

ఇక్కడే మొదటి గుంట ఉంది. హోమ్స్ చనిపోయాడని లండన్ కుర్రాళ్ళు నల్ల పట్టీలు కట్టుకుని తిరిగారని ప్రతి వ్యాసంలోనూ ఉంటుంది. ఆనాటి పత్రికల్లో అలాంటి వార్త కనబడదు. అది జనంలోకి వెళ్ళింది 1949లో వచ్చిన డాయిల్ జీవిత చరిత్ర ద్వారా, అంటే అర్ధ శతాబ్దం గడిచాక. మీ ప్రసంగంలో ఆ పట్టీల మాట ఎత్తకండి. ఎత్తితే "ఇలా అంటారు, ఆధారం లేదు" అని చెప్పి వదిలేయండి. అలాగే "ఎలిమెంటరీ, మై డియర్ వాట్సన్" అన్న వాక్యం ఆ 60 కథల్లో ఎక్కడా లేదు. రెండు పక్కలా చూరున్న ఆ వేటటోపీ స్ట్రాండ్ చిత్రకారుడు సిడ్నీ పాజెట్ పెట్టింది. వంకర పైపు విలియం జిలెట్ అనే అమెరికన్ నటుడు రంగస్థలం మీద వాడింది. మన కళ్ళ ముందు మెదిలే హోమ్స్‌ని ఒక రచయిత, ఒక బొమ్మలవాడు, ఒక నటుడు కలిసి తయారుచేశారన్నమాట. ఇది ప్రసంగంలో తప్పకుండా చెప్పండి. జనంలో నాటుకుపోయిన ఏ పాత్రను తీసుకున్నా ఇలా రెండు మూడు చేతుల పని బయటపడుతుంది.

హోమ్స్ ప్రభావానికి గట్టి రుజువు కావాలంటే చిరునామా చూపించండి. కథల్లో ఆయన ఇల్లు 221బి, బేకర్ స్ట్రీట్. డాయిల్ రాసేనాటికి ఆ వీధిలో నంబర్లు అంతవరకు లేవు, ఉత్త ఊహ. 1930 ప్రాంతంలో వీధిని పొడిగించి నంబర్లు మార్చారు. 1932లో 219 నుంచి 229 దాకా ఉన్న జాగాలో ఒక గృహరుణ సంస్థ పెద్ద కార్యాలయం కట్టుకుంది, అదే తర్వాత అబ్బీ నేషనల్ బ్యాంకు అయింది. కట్టిన దగ్గర్నుంచి హోమ్స్ పేరున ఉత్తరాలు రావడం మొదలైంది. నా పిల్లి తప్పిపోయింది, మా కేసు మీరే చూడాలి, ఆరోగ్యం ఎలా ఉంది, ఇలాంటివి. వాటికి జవాబులు రాయడానికి బ్యాంకు ప్రత్యేకంగా ఒక కార్యదర్శిని పెట్టింది. కొన్ని దశాబ్దాల పాటు నడిచిన ఉద్యోగం అది. 1990లో అదే వీధిలో కాస్త ఎగువన, 237కీ 241కీ మధ్య, హోమ్స్ మ్యూజియం తెరిచి తమదే 221బి అని బోర్డు పెట్టుకున్నారు. ఇక ఉత్తరాలు ఎవరికి చెందాలని తగువు. బ్యాంకు అక్కణ్ణుంచి వెళ్ళిపోయాక గానీ అది తీరలేదు. లేని మనిషికి వచ్చే టపా కోసం ఒక బ్యాంకూ ఒక మ్యూజియమూ ఏళ్ళ తరబడి వాదులాడుకున్నాయి. జీతం, ఇంటి నంబరు, తపాలా బట్వాడా అన్నీ కాగితం మీద ఉన్నవే, ఎవరైనా వెళ్ళి చూసుకోవచ్చు. "కోట్లాది అభిమానులు" అన్న మాటకు ఆ బలం రాదు.

ఇక పోలీసు శాస్త్రం. "వేలిముద్రలు, రక్తపరీక్షలు పోలీసులకు నేర్పింది హోమ్సే" అని రాసేవాళ్ళు ఉన్నారు. దీన్ని సగానికి సగం కత్తిరించాలి. వేలిముద్రల కథ లండన్‌లో కాదు, బెంగాల్లో మొదలైంది. 1858లో హుగ్లీ జిల్లాలో విలియం హెర్షెల్ అనే దొర రోడ్డు కంకర కాంట్రాక్టు కాగితం మీద కాంట్రాక్టరు చేత అరచేతి ముద్ర వేయించుకున్నాడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. ముద్రల్ని వర్గాలుగా విడగొట్టి వెతికే పద్ధతికి ఎడ్వర్డ్ హెన్రీ పేరు పెట్టారు గానీ లెక్క కట్టి కూర్చింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు బెంగాల్ పోలీసు ఉద్యోగులు. 1898లో జల్పాయిగురి తేయాకు తోట మేనేజరు హత్య కేసులో ఒక పంచాంగం మీద దొరికిన రక్తపు బొటనవేలి ముద్ర పాత నేరస్థుడి ముద్రతో సరిపోయింది. కోర్టు హత్యానేరం మోపడానికి మాత్రం జంకి, దొంగతనానికే శిక్ష వేసింది. స్కాట్లండ్ యార్డ్‌లో బ్యూరో పెట్టింది 1901లో. హోమ్స్ కథలో బొటనవేలి ముద్ర కీలకమైంది 1903లో. వరస చూడండి: కలకత్తా, లండన్ పోలీసు, ఆ తర్వాత హోమ్స్. తెలుగు విద్యార్థులు కూర్చున్న గదిలో ఈ తేదీలు చెబితే చెవులు నిక్కబొడుచుకుంటాయి, పైగా మీ వాదనకు నిజాయితీ వస్తుంది.

మరి హోమ్స్‌కి మిగిలిందేమిటి? దృష్టి. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో 1910లో న్యాయస్థానం అటక గదుల్లో పోలీసు ప్రయోగశాల పెట్టిన ఎడ్మాన్ లోకార్, తాకిన ప్రతి చోటా ఏదో ఆనవాలు మిగులుతుందన్న సూత్రానికి ఆద్యుడు. ఆయన తన రంగంలోకి వచ్చేవాళ్ళని హోమ్స్ కథలు చదవమనేవాడు. దుమ్ము, బురద, సిగరెట్ బూడిద తీసిపారేసే వస్తువులు కావు, అవే సాక్షులు అన్న అలవాటు కథల్లోంచి అబ్బిందని ఒప్పుకోవచ్చు. పరికరాలు, పరీక్షలు శాస్త్రవేత్తలవి. 2002లో బ్రిటన్ రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ హోమ్స్‌కి గౌరవ సభ్యత్వం ఇచ్చింది. అది ముచ్చటైన వార్త, అంతకు మించి దాన్ని రుజువుగా లాగకండి.

ఎడల్జీ కేసు గురించి ఎవరైనా అడగవచ్చు, సిద్ధంగా ఉండండి. బొంబాయి పార్శీ మూలాలున్న పాస్టర్ కొడుకు జార్జ్ ఎడల్జీ, ఇంగ్లండ్‌లో వకీలు. రాత్రిపూట పశువుల్ని కోసేస్తున్నాడని 1903లో ఏడేళ్ళ శిక్ష వేశారు, మూడేళ్ళకు వదిలారు. పోయిన పరువు కోసం ఆయన డాయిల్‌కి రాశాడు. డాయిల్ ఆయన్ని చూడబోయింది ఒక హోటల్ హాల్లో. అప్పటికే ఎడల్జీ పేపరు చదువుతూ కూర్చున్నాడు. పేపరు మొహానికి ఆనించుకుని, కాస్త పక్కకు తిప్పి చదువుతున్నాడు. కంటి వైద్యం చదివిన డాయిల్‌కి అది చాలు: ఇంత చూపు మందగించినవాడు చీకట్లో పొలాలు, రైలు పట్టాలు దాటి వెళ్ళి ఈ పని చేయడమేమిటి? 1907 జనవరిలో పత్రికల్లో రాశాడు, మే నెలలో క్షమాభిక్ష వచ్చింది, పరిహారం రాలేదు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో క్రిమినల్ అప్పీళ్ళ కోర్టు చట్టం వచ్చింది. అందులో ఈ కేసు పాత్ర ఉంది, అడాల్ఫ్ బెక్ అనే అమాయకుణ్ణి రెండుసార్లు పొరపాటున శిక్షించిన కేసు పాత్ర కూడా అంతే ఉంది. ఇదంతా రచయిత చేసిన పని. హోమ్స్ వంతు ఒక్కటే: ఎడల్జీ ఉత్తరం డాయిల్ గుమ్మానికి రావడమూ, డాయిల్ రాస్తే దేశం చదవడమూ ఆ పాత్ర పేరు వల్లే. ఇలా విడదీసి చెప్పండి, ప్రశ్న అడిగినవాళ్ళు మారు మాట్లాడరు.

ఇప్పుడు గిరీశం. మన దగ్గర దీని మీద అలవాటుగా వినిపించే వాక్యం "కన్యాశుల్కం నాటకం ఆ దురాచారాన్ని రూపుమాపింది" అని. అలా అనకండి. నాటకం మొదట ఆడింది 1892లో విజయనగరంలో, మొదటి కూర్పు అచ్చయింది 1897లో, పూర్తిగా తిరగరాసిన రెండో కూర్పు 1909లో. గురజాడ మొదటి కూర్పుకి ఇంగ్లీషులో రాసిన ముందుమాట మీరు తప్పక చదవాలి. మహారాజా ఆనంద గజపతి ఆజ్ఞ మీద విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన బ్రాహ్మణ శుల్క వివాహాల పట్టీ తయారైందనీ, లెక్కకొచ్చినవి 1,034 అనీ అందులో ఉంది. అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు 6, ఏడాది పిల్లలు 3. ఆ ఏడాది పిల్లల వెల 350 నుంచి 400 రూపాయలు. సెమినార్‌లో ఈ అంకెలు ఒక్కొక్కటిగా నెమ్మదిగా చదవండి, వేరే అలంకారం అక్కర్లేదు.

దురాచారం పోవడానికి మాత్రం కారణాలు వేరే ఉన్నాయి. బాల్యవివాహాల మీద శారదా చట్టం 1929లో వచ్చి 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18 అని వయసు పెట్టింది. ఈలోగా ఇంగ్లీషు చదువు, సర్కారు ఉద్యోగం ఉన్న వరుడికి గిరాకీ పెరిగి డబ్బు పారే దిక్కే మారిపోయింది: కన్యాశుల్కం వెనక్కి పోయి వరశుల్కం ముందుకొచ్చింది. దాని మీద 1961లో ఇంకో చట్టం చేయాల్సి వచ్చింది. నాటకం సమస్యను నలుగురి నోళ్ళలో పడేసింది, అంతవరకు గట్టిగా చెప్పవచ్చు.

గిరీశం పాత్ర చేసిన పని ఇంకోటి, అది చాలా పెద్దది. వితంతు వివాహం, సంస్కరణ, స్త్రీ విద్య అన్న మాటలు వల్లిస్తూ, ఆ మాటల చాటున పూటకూళ్ళమ్మనీ, వెంకటేశాన్నీ, బుచ్చమ్మనీ తన దారికి తెచ్చుకునే చదువుకున్న మోసగాడు అతను. అప్పటికి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించి (1881) పదేళ్ళు దాటింది. ఉద్యమం గాఢంగా నడుస్తున్నప్పుడే దాని మాటల్ని దొంగిలించేవాడిని గురజాడ పట్టుకున్నాడు. దాంతో తెలుగువాడికి ఒక కొలబద్ద దొరికింది. ఉపన్యాసం దంచి పూట గడుపుకునే ఏ నాయకుణ్ణి చూసినా ఇప్పటికీ "గిరీశం" అంటే చాలు, వివరించక్కర్లేదు. "కథ అడ్డం తిరిగింది" అన్నది నాటకం చూడనివాళ్ళ నోటా వస్తుంది. "తాంబూలాలిచ్చేశాను, తన్నుకు చావండి" అన్న అగ్నిహోత్రావధాన్లు మాట సామెతే అయిపోయింది, అది నాటకంలోదని తెలియనివాళ్ళు ఎందరో. 1955 సినిమాలో ఎన్టీ రామారావు గిరీశంగా, సావిత్రి మధురవాణిగా వేశాక ఈ మాటలు ఇంకా దూరం వెళ్ళాయి. సినిమా వంతు ఎంత, నాటకం వంతు ఎంత అన్నది విడదీయాలంటే 1955కి ముందు పత్రికల్లో గిరీశం పేరు ఎలా వాడారో చూడాలి. అది మీరే చేయగలిగిన పరిశోధన, కాసేపట్లో దారి చెబుతాను.

గిరీశం విషయంలో ఎక్కువమంది చేసే పొరపాటు కూర్పుల దగ్గర. మనం తలచుకునే డైలాగులు, మధురవాణికి ఉన్న నిండుదనం 1909 కూర్పువి. 1897 పుస్తకం బాగా చిన్నది, అందులో మధురవాణికి ఇంత చోటు లేదు. కాబట్టి "1892లోనే గిరీశం ఇలా అన్నాడు" అని 1909 వాక్యం చదవకండి. వాడుక భాష విషయంలోనూ జాగ్రత్త. గిడుగు రామమూర్తి ఉద్యమం, 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రం, వీటన్నిటితో కలిపి చూడాల్సిన విషయం అది. గిరీశం ఒక్కడే వాడుక తెలుగును గెలిపించాడనడం గోరంతలు కొండంతలు చేయడమే.

మూడోది తెలుగుదే కావాలంటే శశిరేఖ ఉంది. వ్యాస భారతంలో ఆ పేరు లేదు. అభిమన్యుడి భార్య ఉత్తర. కానీ తెలుగింట ఏ పెద్దావిడను అడిగినా బలరాముడి కూతురు శశిరేఖ అని ఠక్కున చెబుతుంది. చాలామంది ఇది 1957 'మాయాబజార్' పుణ్యం అంటారు. కాదు, 1936లోనే శశిరేఖా పరిణయం కథ తెలుగు తెరకెక్కింది, అంతకు ముందునుంచే నాటక సమాజాలు ఆడుతున్నాయి, తమిళంలో అదే పిల్ల వత్సల. 1957 సినిమా చేసింది ఆమెకు చెరగని మొహం ఇవ్వడం. కల్పిత పాత్ర పురాణజ్ఞానంలో కలిసిపోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలిసి మన భాషలో లేదు. దేవదాసు అయితే మీ శ్రోతలకు కొత్త కాదు: శరత్ బెంగాలీ నవల 1917, మన అక్కినేని సినిమా 1953, ఆ తర్వాత గడ్డం పెంచిన ప్రతి కుర్రాడూ దేవదాసే.

మిగతా పేర్లు గబగబా చూద్దాం.

పొపాయ్. 1870లో ఒక జర్మన్ రసాయన శాస్త్రవేత్త దశాంశ బిందువు తప్పు చోట పెట్టడంతో పాలకూరలో ఇనుము పది రెట్లు కనిపించిందనీ, అందుకే పొపాయ్ చేత పాలకూర తినిపించారనీ ఒక కథ తిరుగుతోంది. ఇది రెండుసార్లు తప్పు. ఆ దశాంశం కథకు 1981లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన సరదా వ్యాసం ఊపు ఇచ్చింది. 2010లో మైక్ సటన్ అనే నేరశాస్త్ర అధ్యాపకుడు తీగ లాగితే మూలం ఎక్కడా తేలలేదు. పైగా 1932 నాటి కార్టూన్‌లో పొపాయ్ పాలకూర తినేది విటమిన్ 'ఎ' కోసమని తనే చెబుతాడు, ఇనుము ఊసే లేదు. పొపాయ్ వల్ల అమ్మకాలు ఇంత శాతం పెరిగాయని తిరిగే అంకె కూడా మూలం చూపకుండా ఒకరిని చూసి ఒకరు రాసేదే. నిక్కచ్చిగా చెప్పగలిగింది, పాలకూర పండించే టెక్సస్ పట్నం క్రిస్టల్ సిటీలో 1937లో అతనికి విగ్రహం పెట్టారన్నది. పుకారును సరిదిద్దుతున్నామంటూ పుట్టిన ఇంకో పుకారు ఈ దశాంశం కథ, అందుకే ఒక నిమిషం కేటాయించండి.

స్కలీ. 'ఎక్స్ ఫైల్స్' సీరియల్లో ఎఫ్‌బీఐలో పనిచేసే వైద్యురాలు. సైన్సు రంగాల్లో పనిచేసే ఆడవాళ్ళలో 63 శాతం ఆమె తమకు ఆదర్శమన్నారని 2018 సర్వే. అంకె చెప్పేముందు రెండు చూడండి. ఆ సర్వేలో చేయి కలిపింది సీరియల్ హక్కులున్న ఫాక్స్ సంస్థే. అడిగింది ఏళ్ళ తర్వాత, జ్ఞాపకం మీద ఆధారపడి. సైన్సు అంటే ఇష్టం ఉన్నవాళ్ళే ఆ సీరియల్ చూసి ఉండవచ్చు కదా? ఏది ముందు, ఏది వెనక అన్నది ఆ సర్వే తేల్చదు. పక్కన పెట్టి చూపడానికి ఇంకో సర్వే ఉంది. టీవీలో నేరపరిశోధన సీరియళ్ళు చూసే జ్యూరీ సభ్యులు శాస్త్రీయ సాక్ష్యం లేకుండా దోషి అని తేల్చరన్న గోల అమెరికాలో లేస్తే, మిషిగన్ జడ్జి ఒకాయన 2006లో వెయ్యి మందికి పైగా జ్యూరీకి పిలుపొచ్చినవాళ్ళను విచారణకు ముందే అడిగాడు. సీరియల్ చూసేవాళ్ళు శాస్త్రీయ సాక్ష్యం ఎక్కువ కోరుకున్నారు గానీ, దోషి అని తేల్చే విషయంలో మొత్తం మీద పెద్ద తేడా లేదు. ఆశించడం వేరు, నిర్ణయించడం వేరు అని ఇక్కడ కనబడుతుంది.

ఉహురా. 'స్టార్ ట్రెక్'లో అంతరిక్ష నౌక అధికారిణిగా వేసిన నిషెల్ నికల్స్‌ని 1977లో నాసా వ్యోమగాముల ఎంపిక ప్రచారానికి పెట్టుకుంది. వచ్చిన దరఖాస్తులు 8 వేలకు పైగా. 1978లో ఎంపికైన 35 మందిలో ఆరుగురు ఆడవాళ్ళు, ముగ్గురు నల్లజాతి పురుషులు. ఇక్కడ పని చేసింది నటి, ఆమెకు ఆ పలుకుబడి ఇచ్చింది పాత్ర. నాసా అప్పటికే యుద్ధవిమానాల పైలట్లే కావాలన్న పట్టు సడలించి శాస్త్రవేత్తలకు చోటిచ్చిందన్నది కూడా చెప్పాలి. లేకపోతే ఎవరెంత ప్రచారం చేసినా లాభం ఉండేది కాదు.

జూలియెట్‌కి ఇటలీలోని వెరోనాలో ఇల్లుంది, బాల్కనీ ఉంది. బాల్కనీ ఇరవయ్యో శతాబ్దంలో అతికించింది. ఆమె పేరున వచ్చే ప్రేమ లేఖలకు స్వచ్ఛంద సేవకులు జవాబులు రాస్తారు. అదృష్టం కోసం జనం తాకి తాకి కంచు విగ్రహం దెబ్బతింటే 2014లో నకలు పెట్టారు. హోమ్స్ చిరునామా చెప్పాక ఇది చెబితే పునరుక్తి అవుతుంది, సమయం ఉంటేనే.

మీ జాబితాలో లేనివి రెండు చేర్చుకోండి, కొత్తవి కాబట్టి విద్యార్థులకు పడతాయి. 'హంగర్ గేమ్స్' సినిమాల్లో నాయిక కాట్నిస్ ఎత్తే మూడు వేళ్ళ వందనం 2014 మే సైనిక తిరుగుబాటు తర్వాత థాయ్‌లాండ్ వీధుల్లో నిరసన గుర్తయింది. అదే ఏడాది ప్రధాని ముందు ఎత్తిన విద్యార్థుల్ని పట్టుకుపోయారు. 2021లో మయన్మార్‌లోనూ ఎత్తారు. రెండోది మెక్సికో సిటీ: 2015 జేమ్స్ బాండ్ సినిమా మొదట్లో మృతుల పండుగ ఊరేగింపు కనిపిస్తుంది. అంత పెద్ద ఊరేగింపు ఆ నగరంలో అంతకు ముందు లేదు. సినిమా చూసి వచ్చే పర్యాటకుల కోసం 2016లో నిజంగానే మొదలుపెట్టారు.

జర్మన్ రచయిత గోథే నవలలో ప్రేమ విఫలమై ఆత్మహత్య చేసుకునే వెర్థర్‌ని ఎవరైనా ప్రస్తావిస్తే: నవల 1774, నీలం కోటు, పసుపు పచ్చ వెయిస్ట్‌కోటు ఫ్యాషనైంది, 1775లో లైప్‌జిగ్‌లో పుస్తకంతో పాటు ఆ దుస్తుల్నీ నిషేధించారు. ఆత్మహత్యల అనుకరణ మీద 1974లో డేవిడ్ ఫిలిప్స్ పరిశోధన చేసి ఆ పేరే పెట్టాడు, అది పత్రికా వార్తల మీద చేసిన పరిశోధన. సెమినార్‌లో ఏ పద్ధతిలో చనిపోయారన్నది వర్ణించకండి, ఎదురుగా కూర్చున్నవాళ్ళలో ఎవరి పరిస్థితి ఏమిటో మనకు తెలియదు.

ఇక పరిశీలించే దారి. ఏ పాత్రకైనా ముందు ఒక కాగితం మీద మూడు తేదీలు రాసుకోండి: పాత్ర పుట్టిన తేదీ, మార్పు జరిగిన తేదీ, ఆ రెంటికీ సంబంధం ఉందని మొదట అచ్చులో అన్న తేదీ. మూడోది మొదటి రెండింటికీ ముప్ఫై నలభై ఏళ్ళు దూరంగా ఉంటే అనుమానించండి. నల్ల పట్టీలు, పాలకూర దశాంశం రెండూ ఇక్కడే దొరికిపోయాయి. అమెరికా అంతర్యుద్ధాన్ని తెచ్చిన చిన్నపాటి ఆవిడ మీరేనా అని, బానిసత్వం మీద వచ్చిన 'అంకుల్ టామ్స్ కేబిన్' నవల రచయిత్రితో లింకన్ అన్నాడన్న మాట కూడా వాళ్ళు కలిసిన 1862లో కాదు, దశాబ్దాల తర్వాత అచ్చులో కనిపిస్తుంది. తేదీలు కుదిరాక, పాత్రను తీసేసి చూడండి: హోమ్స్ లేకపోయినా వేలిముద్రలు వచ్చేవి, బ్యాంకులో ఆ కార్యదర్శి ఉద్యోగం మాత్రం వచ్చేది కాదు. ఆఖరున, అంకె ఉంటే అది ఎవరు లెక్కించారు, ఎవరి డబ్బుతో అని అడగండి.

గిరీశం పేరు 1955కి ముందు పత్రికల్లో వెతకాలంటే ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ ఆర్కైవ్స్‌లో ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, భారతి పాత సంచికలు స్కాన్ చేసి ఉన్నాయి. అవి బొమ్మలుగా ఉన్నాయి కాబట్టి పేరు కొట్టి వెతికితే దొరకదు, పుట తిప్పుతూ చూడాల్సిందే. కాబట్టి మొత్తం జల్లెడ పట్టకండి. ఎన్నికలు జరిగిన 1937, 1946, 1952 సంవత్సరాల్లో తలా రెండు నెలలు ఎంచుకుని సంపాదకీయాలు, వ్యంగ్య శీర్షికలు మాత్రమే చూడండి. దొరికిన ప్రతిదానికీ పత్రిక, తేదీ, పుట రాసుకోండి, ఎవరిని ఉద్దేశించి అన్నారో ఒక్క ముక్కలో రాయండి. నెట్ సరిగా రాకపోతే వేటపాలెం సారస్వత నికేతనంలో, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో పాత సంపుటాలు ఉన్నాయి. వెళ్ళేముందు ఫోన్ చేసి బైండు బయటికి ఇస్తారో లేదో కనుక్కోండి. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో కన్యాశుల్కం స్కాన్లు చాలా ఉన్నాయి. దించుకునేముందు ముందుమాట పుటలు చూసి అది 1897 పాఠమో 1909 పాఠమో తేల్చుకోండి, రెండిటికీ ముందుమాటలు వేరు.

సమయం ఇలా పంచుకోండి: సింక్లెయిర్ ఉదాహరణతో రెండు నిమిషాలు, హోమ్స్‌కి ఏడు, గిరీశానికి ఏడు, పొపాయ్‌కి ఒకటి, కాట్నిస్‌కి ఒకటి, ప్రశ్నలకు రెండు. స్లైడ్లు ఆరుకు మించొద్దు. 1,034 పెళ్ళిళ్ళ లెక్క ఉన్న స్లైడ్ మీద బొమ్మ పెట్టకండి, అంకెలు మాత్రమే పెద్ద అక్షరాల్లో ఉంచండి.